కుచ్చుల గిడుగు

మద్దివాగు ఒడ్డు అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరో కూర్చుని పెట్టింది కాదు, ప్రాణభయం నేర్పింది. ఎండ కాసినంతసేపూ అడవి తోడేళ్ళది. వాన పడినంతసేపూ చిన్న ప్రాణులది. తోడేళ్ళకి తడి గిట్టదు. నాలుగు చినుకులు రాలితే చాలు, కొండగుహలో దూరి, తోకలు ముక్కుల మీద కప్పుకుని పడుకుంటాయి. అప్పుడు బయటికొస్తాయి కుందేళ్ళూ, అడవికోళ్ళూ, ముళ్ళపందులూ. నాలుగు గింజలో, రెండు దుంపలో ఏరుకుని వాన వెలిసేలోగా ఇల్లు చేరాలి.

తిండి దొరికేదీ వానలోనే, తడిసి ముద్దయ్యేదీ వానలోనే.

గిజిగాడు ఈనయ్యకి మాత్రం ఆ బాధ లేదు. వాగు మీదికి వంగిన ఈతచెట్టుకి అతని గూడు వేలాడుతుంటుంది. ఎంత కుండపోతగా కురిసినా లోపల చుక్క పడదు. ఆ చుట్టుపక్కల అల్లిక అంటే ఈనయ్యదే అని పేరు. ఆ సంగతి అందరికన్నా ముందు ఈనయ్యకే తెలుసు.

ఆ ఏడు తొలకరి వానలో అడవికోడి నూకాలమ్మ తన అయిదు పిల్లలతో ఈతచెట్టు కిందికొచ్చి నిలబడింది. రెక్కలు చాపితే పిల్లలు తడవవు, కానీ చాపిన రెక్కలతో మేత ఏరడం కుదరదు. మేతకి వంగితే పిల్లలు తడిసి కిచకిచలాడతాయి.

"కప్పితే మేత లేదు, మేత చూస్తే కప్పు లేదు. ఏం బతుకమ్మా ఇది!" అని తనలో తనే అనుకుంది. నిరుడు ఇలాంటి వానకే నెమ్ము చేసి రెండు పిల్లలు పోయాయి దానికి.

పైనుంచి ఈనయ్య విన్నాడు. విన్నాక గూట్లో వెచ్చగా కూర్చోలేకపోయాడు.

"ఏమయ్యో, అలా కిందికే చూస్తున్నావేం?" అంది భార్య గరికమ్మ.

"పొలంలో నాట్లు వేసేటప్పుడు మనుషులు వీపు మీద తాటాకు గిడుగు కప్పుకుంటారు చూశావా? ఎంత వానైనా జారిపోతుంది, చేతులు ఖాళీగా ఉంటాయి. అలాంటిది మనవాళ్ళకి నేనెందుకు అల్లకూడదు?"

"మంచి మాటే. కానీ ఒక్కటి. ఈ గూడు మొత్తం కట్టేసి నన్ను పిలిచావా? సగం అల్లి పిలిచావు. నేను లోపల దూరి, అటూ ఇటూ ఊగి చూసి, ఇక్కడ వదులుగా ఉంది, అక్కడ గాలి కొడుతోంది అని చెప్పాకే మిగతా సగం కట్టావు. ఇదీ అంతే చెయ్యి. సగం అల్లి ఒకళ్ళకి తొడిగి చూడు."

"సగం గిడుగు ఇస్తే నలుగురూ నవ్వరూ? ఈనయ్య చేతి పని అంటే చూడగానే కళ్ళు చెదరాలి!"

ఆరు రోజులు ఈనయ్య తిండి మీద ధ్యాస లేకుండా అల్లాడు. తాటాకు సన్నగా చీల్చి, గడ్డి పురి పెట్టి, నడినెత్తిన పువ్వులా గుండ్రటి గిన్నె అల్లి, అంచుల చుట్టూ జనపనార కుచ్చులు వేలాడదీశాడు. గాలి వీస్తే కుచ్చులన్నీ ఒక్కసారిగా ఊగేవి. అలాంటివి రెండు చేశాడు. ఒకటి నూకాలమ్మకి, ఒకటి కుందేలు దూదమ్మకి ఇచ్చాడు.

"అబ్బ, ఎంత బావుందన్నయ్యా!" అంది నూకాలమ్మ.

"పెళ్ళికూతురికి కూడా ఇంత ముస్తాబు ఉండదు," అంది దూదమ్మ.

ఈనయ్యకి ఆ పూట కాళ్ళు కొమ్మ మీద ఆనలేదు. "విన్నావుటే?" అని గరికమ్మని నాలుగుసార్లు అడిగాడు.

మర్నాడు ఉదయం వాన దంచికొట్టింది. ఈనయ్య గూడు గుమ్మంలో కూర్చుని కిందికి చూశాడు. నూకాలమ్మ వచ్చింది. తడుస్తూనే వచ్చింది. గిడుగు లేదు! దూదమ్మ చెంగుచెంగున దూకుతూ వెళ్ళింది. ఆమె వీపూ బోసిగానే ఉంది. వాన కాస్త తగ్గాక ఎగిరి వెళ్ళి చూస్తే ఏముంది? దూదమ్మ గిడుగు ఆమె బొరియ గుమ్మానికి తోరణంలా వేలాడుతోంది. నూకాలమ్మ గిడుగుని పిల్లలు బోర్లించి, దాని మీద ఎక్కి జారుతున్నాయి.

ఈనయ్య ఇంటికొచ్చి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"బావుందన్నారు కదే!" అన్నాడు.

"అన్నారు. నోరు బావుందనే అంటుంది, పొరుగువాళ్ళం కదా. వేసుకున్న వీపుని అడగాలి," అంది గరికమ్మ.

సరేనని వెళ్ళి అడిగాడు. నూకాలమ్మ నేల మీది రాయిని ముక్కుతో అటూ ఇటూ దొర్లించింది. "బానే ఉందన్నయ్యా... పాడైపోతుందని దాచాను." దూదమ్మ చెవులు వెనక్కి వాల్చింది. "పండక్కి వేసుకుందామనీ..."

పక్క పుట్ట వెనకనుంచి ఎవరో గుర్రుమన్నారు. ముళ్ళపంది సూదయ్య తాత. యథార్థవాది లోకవిరోధి అన్న మాట ఆయన్ని చూసే పుట్టిందని ఆ అడవిలో అనుకుంటారు.

"వాళ్ళనడిగితే ఏం చెబుతారు? నన్నడుగు. నాకు మొహమాటం లేదు, అందుకే నాకు చుట్టాలూ లేరు. ఇలా ఇయ్యి దాన్ని. వీపు మీద ముళ్ళున్నాయి కాబట్టి నెత్తి మీద పెట్టుకుంటాను. వానలో వాగుదాకా నడుస్తాను. నువ్వూ నా వెంట రా, చూద్దువుగాని."

ఈనయ్య జీవితంలో మొదటిసారి వానలో గూడు వదిలి, కొమ్మ కొమ్మకీ ఎగురుతూ సూదయ్య వెంట వెళ్ళాడు. పది అడుగులు బాగానే సాగాయి. ఆ తర్వాత నడినెత్తి మీది పూలగిన్నెలో నీళ్ళు చేరడం మొదలైంది. కుచ్చులు తడి పీల్చి బరువెక్కాయి. గిడుగు మెల్లగా ముందుకి ఒరిగింది, ఒరిగి ఒరిగి సూదయ్య కళ్ళ మీద పడింది. తాత వెళ్ళి మద్దిచెట్టుకి గుద్దుకున్నాడు. వెనక్కొచ్చి, సర్దుకుని, మళ్ళీ నడిచాడు. ఈసారి వెలగచెట్టుకి గుద్దుకున్నాడు.

"చాలా, ఇంకా నడవమంటావా?" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

పైన పటారం, లోన లొటారం. ఆ మాట ఎవరూ అనలేదు, ఈనయ్యే అనుకున్నాడు.

తాత గుద్దుకోవడం చూశాక మిగతావాళ్ళ నోళ్ళూ తెరుచుకున్నాయి. "చెవులు మూసుకుపోతున్నాయన్నయ్యా," అంది దూదమ్మ. "తడిసినా బతుకుతాను, వినపడకపోతే బతకను. నువ్వు ఆరు రోజులు కష్టపడ్డావు కదా, ఏ మొహంతో చెప్పను?"

"అది నా ఒక్కదాన్నే కప్పుతుంది, పిల్లల్ని కప్పదు," అంది నూకాలమ్మ. "పైగా ఆ కుచ్చులు చూసి పిల్లలు వానపాములనుకుని పొడుస్తున్నాయి."

ఈనయ్యకి ఈకలు ఒక్కొక్కటే పీకినట్టయింది. ఆ రోజు మేతకి వెళ్ళలేదు. గరికమ్మ కూడా కదపలేదు. తెల్లారి చూస్తే అతను తాళ్ళ తోపులో ఉన్నాడు, కొత్త ఆకు చీలుస్తూ.

ఈసారి సగమే అల్లాడు. పూలగిన్నె తీసేశాడు. మధ్యలో ఇంటి కప్పుకున్నట్టు వెన్ను పెట్టి, నీళ్ళు రెండువైపులా జారేలా చేశాడు. సూదయ్య నడిచి చూశాడు. "నెత్తి బావుంది, మెడ దగ్గర ఒరుసుకుంటోంది," అన్నాడు. మెడ కట్టు తీసేసి పొట్ట కింద కట్టాడు. దూదమ్మ ముళ్ళపొదలో దూకితే అది ఇరుక్కుని, బయటపడేసరికి ఆమెకి చచ్చినంత పనయింది. దాంతో లాగితే ఊడిపోయే ముడి వేశాడు. చెవులకి రెండు కంతలు పెట్టాడు. నూకాలమ్మకి వీపు మీద వెడల్పుగా, రెండు పక్కలా కిందికి వాలేలా అల్లాడు, పిల్లలు అయిదూ కిందికి దూరేలాగా.

మధ్యలో ఒకనాడు మంద తప్పిన మేక బుచ్చెమ్మ వచ్చింది. "నాకూ ఒకటియ్యి, నేనూ చెబుతాను," అంది. ఇచ్చాడు. సాయంత్రానికి ఉత్త మొలతాడు మిగిలింది.

"చాలా బావుందయ్యా," అంది బుచ్చెమ్మ నెమరేస్తూ. "ఇంకోటుందా?"

ఈనయ్య పొంగిపోబోయాడు.

"ఆవిడకి కావాల్సింది గిడుగు కాదు, మేత," అని గరికమ్మ చెవిలో చెప్పింది. "వాన బాధ ఉన్నవాళ్ళ మాట విను."

సూదయ్య తాత తన ముల్లు ఒకటి రాలితే తెచ్చిచ్చాడు. "ఆకు గుచ్చడానికి పనికొస్తుందేమో చూడు. ముక్కుతో ఎంతకని పొడుస్తావు?" అన్నాడు చిరాకు పడుతూనే. నిజంగానే పనికొచ్చింది. అయిదో గిడుగుకి గాని తాత నోరు మూతపడలేదు. వాగుదాకా వెళ్ళి, తిరిగొచ్చి, "ఊఁ," అన్నాడు. ఆ ఒక్క "ఊఁ" వినగానే ఈనయ్యకి, ఇంతకు ముందు విన్న మెచ్చుకోళ్ళన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అనిపించింది.

ఇదంతా గుంటనక్క గవరయ్య కంట పడకుండా ఎలా ఉంటుంది? ఒక మధ్యాహ్నం వచ్చి ఈతచెట్టు కింద చతికిలబడ్డాడు.

"ఈనయ్య బావా! నీ చేతి పని గురించి కొండ అవతల కూడా చెప్పుకుంటున్నారు. ఏదీ, కళ్ళారా చూడనీ."

కొమ్మకి రెండు గిడుగులు వేలాడుతున్నాయి. ఒకటి మొదట్లో దూదమ్మకి ఇచ్చిన కుచ్చులది. తప్పు గుర్తుండాలని తెచ్చి పెట్టుకున్నాడు. ఇంకోటి కొత్తది, బోసిగా, మోటుగా ఉంది.

"ఈ రెంట్లో ఏది మంచిది బావా?"

పని గురించి అడిగితే ఈనయ్యకి వెనకా ముందూ తోచదు. "ఆ కుచ్చులది దండగ. నీళ్ళు పట్టి కళ్ళ మీద పడుతుంది, చెవులు మూస్తుంది. ఈ బోసిదే వానకి నిలిచింది," అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

గవరయ్య మీసాల్లో నవ్వుకున్నాడు. వెళ్ళొస్తానని వెళ్ళాడు.

"నక్కకి గుట్టు చెబుతావా? నీకు బుద్ధి ఎప్పుడొస్తుంది?" అని గరికమ్మ తలకొట్టుకుంది. మర్నాడు ఇద్దరూ ఆకు కోసం వెళ్ళొచ్చేసరికి కొమ్మ మీద ఒక గిడుగు లేదు. కొత్తదే పోయిందనుకున్నాడు ఈనయ్య. తీరా చూస్తే బోసిది అక్కడే ఉంది. పోయింది కుచ్చులది.

"అదేమిటే? దండగని చెప్పానుగా!"

గరికమ్మ ఒక్క క్షణం ఆలోచించి, పడిపడి నవ్వింది. "అందుకే పట్టుకుపోయాడు. వాడైతే మంచిదాన్ని దండగంటాడు కదా, నువ్వూ అలాగే అన్నావనుకున్నాడు!"

ఆ నవ్వు రెండు రోజులు నిలవలేదు. కాకి కబురు తెచ్చింది. గవరయ్య కోతుల గుంపుకి పనసకాయలు ఆశపెట్టి, ఆ గిడుగు చూపించి, అచ్చం అలాంటివే పన్నెండు అల్లిస్తున్నాడట. అవన్నీ తోడేళ్ళకట. ఇక వానలోనూ వేటే. అందుకు బదులుగా వానాకాలమంతా ప్రతి వేటలోనూ నక్కకి వాటా.

ఈతచెట్టు కింద అందరూ చేరారు. నూకాలమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

"ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది కదన్నయ్యా! ఎండలో బయటికి రాలేం, ఇక వానలోనూ రాలేం. ఈ గిడుగే పుట్టకపోతే బాగుండేది," అంది. అన్నాక ఆమెకే ఏడుపొచ్చింది.

ఈనయ్య తల వంచుకున్నాడు. పిల్లలు తడవకూడదని మొదలుపెట్టిన పని పిల్లల ప్రాణం మీదికే తెచ్చింది. నోరు కట్టుకోలేకపోయాను అనుకున్నాడు.

"ఆగండి," అన్నాడు సూదయ్య. "వాడు పట్టుకుపోయింది కుచ్చులదేనా? పూలగిన్నె ఉన్నదేనా?"

"అదే తాతా."

"కోతులు దాన్ని బాగుచేస్తాయంటావా?"

"కోతులా? ఉన్న గీత ఉన్నట్టు అల్లుతాయి. సొంతంగా ఒక్క పోగు కూడా మార్చవు."

"మరింకేం? దాన్ని నెత్తిన పెట్టుకుని రెండు చెట్లకి గుద్దుకున్న ముక్కు నాది. ఆ గుద్దుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎప్పటిలాగే మేతకి వెళదాం. కాకపోతే గుట్ట వారనే ఉందాం, మద్దిచెట్లు దట్టంగా ఉన్నచోట. ఈనయ్యా, నువ్వు పైనుంచి కాపలా కాయి."

మూడో రోజు పొద్దున్నే ఆకాశం నల్లబడి వాన మొదలైంది. ఈనయ్య మద్దిచెట్టు చివర కూర్చున్నాడు. గుహలోంచి తోడేళ్ళు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. పన్నెండు తలల మీద పన్నెండు గిడుగులు, చుట్టూ కుచ్చులు. ముందు గవరయ్య నడుస్తున్నాడు.

"ఏం కళ దొరా, ఏం కళ! ఊరేగింపులా ఉంది," అంటున్నాడు పెద్ద తోడేలుతో.

పెద్ద తోడేలు మెడ నిటారుగా పెట్టి నడుస్తోంది. నిజంగానే మొదటి పది బారలు ఒక్క చుక్క కూడా దాని మీద పడలేదు. "బావుందిరా గవరయ్యా," అంది. ఆ మాట ఈనయ్యకి వినపడింది. ఒకవేళ కోతులు ఏదైనా మార్చాయేమో!

మార్చలేదు. గుట్ట వార నూకాలమ్మ కనపడగానే తోడేళ్ళు పరుగు తీశాయి. పరుగుకి పూలగిన్నెల్లో నీళ్ళు తొణికాయి. తడిసిన కుచ్చులు జారి మూతుల మీద కొట్టుకున్నాయి. ఈనయ్య పైనుంచి గట్టిగా కూశాడు. కంతల్లోంచి నిక్కి ఉన్న చెవులతో దూదమ్మ ఆ కూత విని ఒక్క మలుపు తిరిగింది. చెవులు మూసుకుపోయిన తోడేళ్ళకి పక్కనున్నవాళ్ళ అరుపులే వినపడలేదు. నూకాలమ్మ పిల్లల్ని కప్పుకుంటూనే రాళ్ళ సందులోకి దూరిపోయింది.

అంతే, పన్నెండు గిడుగులూ కళ్ళ మీద పడ్డాయి. ఒక తోడేలు మద్దిచెట్టుకి గుద్దుకుంది. రెండోది మొదటిదానికి గుద్దుకుంది. మూడోది ముళ్ళపొదలో పడితే కుచ్చులు చిక్కుకుని అక్కడే వేలాడింది. పెద్ద తోడేలు ఏకంగా వాగులో పడి, కుచ్చులు మెడకి చుట్టుకుని, నాలుగు మునకలు వేసి ఒడ్డెక్కింది.

"ఏరా గవరయ్యా!"

"దొరా... వానకి ముందు చక్కగా ఉన్నాయి దొరా!"

"వానకి ముందు గిడుగెందుకురా? వీటిని ఎవరైనా వానలో వేసుకుని చూశారా?"

"చూడ్డానికి బావున్నాయి కదా అని..."

"నువ్వైనా వేసుకుని చూశావా?"

గవరయ్య వెనక్కి తిరిగాడు. కాలికి బుద్ధి చెప్పాడు. పన్నెండు తోడేళ్ళూ వాడి వెంట పడ్డాయి. వాడు కొండ దాటాడు, ఆ కొండ అవతల ఇంకో కొండ కూడా దాటాడని కాకి చెప్పింది. తోడేళ్ళు కుంటుకుంటూ గుహకి తిరిగొచ్చి, ఇక వానలో అడుగు బయట పెట్టేది లేదని ఒట్టు పెట్టుకున్నాయి.

వాన వెలిశాక రాళ్ళ సందులోంచి నూకాలమ్మ బయటికొచ్చింది. పిల్లల్ని ఒక్కొక్కటిగా ముక్కుతో తడిమి లెక్క చూసుకుంది. అయిదూ ఉన్నాయి. అయిదూ పొడిగా ఉన్నాయి. ఈనయ్య ముందు నిలబడి, తల వంచి, వెళ్ళిపోయింది. "బావుంది" అనలేదని ఈనయ్యకి కొరత కూడా అనిపించలేదు.

ఆ వారంలోనే గిడుగులు కావాలని కౌజుపిట్టలొచ్చాయి, ముంగిసలొచ్చాయి. వాగు అవతలనుంచి ఒక నెమలి వచ్చి తన తోకకి సరిపోయేది కావాలంది. ఈనయ్య ఎవరికీ వెంటనే పది అల్లి ఇవ్వలేదు. ఒకటి సగం అల్లి, తొడిగి, వానలో వాళ్ళ వెంట ఎగిరి చూసేవాడు. తడిసిన రెక్కలతో ఇంటికొచ్చి, "నెమలికి ముడి పక్కకి వేయాలే," అని సంబరంగా చెప్పేవాడు. గరికమ్మ అతని రెక్కలు తుడుస్తూ వినేది. ఏ కొత్త గిడుగైనా ముందుగా లోపాలు ఏకరువు పెట్టేది సూదయ్య తాతే. ఇప్పుడాయనకి చుట్టాలు కాకపోయినా, పొద్దున్నే పలకరించేవాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు.

నీతి: వానలో నిలబెట్టి చూడని గిడుగు అమ్మినవాడి నెత్తికే ముప్పు.